కాకా చేలో ఖర్బూజాలు

పోయిన ఆదివారం పొద్దున సూరత్‌ అడాజన్‌లోని మా అపార్ట్‌మెంట్ సొసైటీ ఆవరణలో, స్కూటర్లు నిలిపే చోట, ఒక అమ్మాయి బల్ల వేసుకుని ఖర్బూజాలు అమ్మింది. నూలు కుర్తా, ముక్కుకు చిన్న పుడక, చూడగానే బాగా చదువుకున్న పిల్ల అని తెలుస్తోంది. బల్లకు ఆనించిన అట్టముక్క మీద గుజరాతీలో ‘ఒక్క చుక్క నీరు పెట్టకుండా పండించిన టేటి’ అని రాసి పెట్టింది. ఖర్బూజాను ఇక్కడ టేటి అంటారు. మా సొసైటీ ఆడవాళ్లు ఆదివారం ఏ బల్ల కనిపించినా ఆగకుండా ఉండలేరు, నేనూ అందులో ఒకతెనే. అమ్మాయి తలా ఒక ముక్క కోసి ఇచ్చింది. నాలుగో అంతస్తు ఆవిడ తింటూనే, “నీళ్లు లేకుండా ఇంత రసం ఎక్కడి నుంచి వస్తుంది? అంతా మాటలే” అని నవ్వి, నావైపు తిరిగింది. “మీది వ్యవసాయం చేసే ఇల్లే కదా, మీరు చెప్పండి, ఇది అయ్యే పనేనా?” అంది. అందరూ నా మొహం చూశారు. ఆ అమ్మాయి అందరికంటే ఆశగా చూసింది. నేను “మనే ఖబర్ నథీ” అన్నాను. నాకు తెలియదు అని. ముక్క నోట్లోనే ఉంది, దాని రుచి నాకు ఎంత తెలుసో చెప్పలేను. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి ఇంటికొచ్చి, వంటగదిలో పీట వేసుకుని కూర్చున్నాను. యాభై రెండేళ్ల మనిషిని, ఖర్బూజా దగ్గర అబద్ధమాడడం ఇది మొదటిసారి కూడా కాదు.

మొదటిసారి ఆడింది ఇదే సూరత్‌లో, మగ్గం పనివాళ్లుండే నవాగామ్‌లో, నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు. అది చెప్పాలంటే ముందు నేను ఎలాంటి ఊరి పిల్లనో చెప్పాలి. మాది కరీంనగర్ దిక్కు, కాలువ కింద ఊరు. ఎండాకాలం కూడా మడుల్లో నీళ్లు నిలిచే ఊరు. మా ఇంట్లో పెరట్లో కరివేపాకు చెట్టుకూ, గేటు పక్కన గడ్డికీ, ఎండలో పడుకున్న కుక్కకూ కూడా మా నాన్న నీళ్లు చల్లేవాడు. దేన్నైనా ప్రేమించడమంటే దాని మొదట్లో చెంబెడు నీళ్లు పోయడమేనని నేను పెరిగాను. నా భర్త వాళ్లది మాకు ఇరవై కోసుల అవతల ఎర్రచెల్కల ఊరు. అక్కడ వాన పడితే పంట, లేకపోతే సూరత్ మగ్గాలకు వలస. సంబంధం కుదిరినప్పుడు మా అన్న “మెట్టోళ్లు గదా, పిల్లకు స్నానానికన్న నీళ్లు ఇస్తరో ఇయ్యరో” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాతోపాటే పెట్టెలో సర్దుకుని సూరత్ వచ్చింది.

నవాగామ్‌లో మాది ఒక వరసలో పన్నెండు గదులున్న చాలులో చివరి రెండు గదులు. అత్తమ్మ నా పెళ్లికి ముందే పోయింది. ఇంట్లో ముగ్గురమే, నా భర్త, నేను, మామ. తండ్రీకొడుకులిద్దరూ పవర్‌లూమ్ కార్ఖానాలోనే పని. మామ ఆ చప్పుడులో పాతికేళ్లు నిలబడి చెవులు సగం పోగొట్టుకున్నాడు. దాంతో ఆయన గుసగుసగా చెప్పే మాట కూడా మూడో గల్లీకి వినిపించేది. కొత్త కోడలినైన నాతో “బిడ్డా, కూరల ఉప్పు జర ఎక్కువైంది, నీకు ఒక్కదానికే చెప్తున్న” అని రహస్యంగా అరిస్తే, మరునాడు పంపు దగ్గర ఒడియా వాళ్ల కోడలు నన్ను చూసి నవ్వేది. కోపమనేది మాత్రం ఆయనకు తక్కువ. వచ్చిందంటే మటుకు తేలికగా పోయేది కాదు.

మా చాలు వెనక నల్లరేగడి నేల ఒక చెక్క ఉండేది. అది ఒక గుజరాతీ పెద్దాయనది. ఆ చుట్టుపక్కలంతా ఆయన చెరకు చేనే ఉండేదట. ప్లాట్లు వేసి అమ్మగా అమ్మగా మిగిలింది ఆ చెక్కా, దాని అంచున డాబా ఇల్లూ, రెండు గేదెలూ, వాటిని కడిగే సిమెంటు తొట్టీ. అందరూ ఆయన్ను కాకా అనేవాళ్లు. ఆయన మామను ‘కారీగర్’ అని పిలిచేవాడు. మగ్గం పని చేసేవాళ్లను ఇక్కడ అలాగే అంటారు. నేను కాపురానికి రావడానికి రెండేళ్ల ముందు మామ ఒకరోజు ఆయన అరుగు మీదికి వెళ్లి, మూటలోంచి గుప్పెడు విత్తనాలు తీసి చూపించి, ఇవి మా అమ్మ పెట్టిన ఖర్బూజా విత్తనాలు, మా ఊళ్లో ఇప్పుడు అందరూ పత్తే వేస్తున్నారు, వీటికి చోటు లేదు, నీ చెక్కలో వేసుకోనా అని అడిగాడట. కాకా కిరాయి ఏమీ అడగలేదు. మొదటి కాయ తనకు ఇస్తే చాలన్నాడు. అప్పటి నుంచి వాళ్లిద్దరూ స్నేహితులు. హిందీ, గుజరాతీ, తెలుగు మూడూ కలిపి వండిన ఖిచిడీ భాషలో సాయంత్రాలు అరుగు మీద కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. ఒకరికి చెవుడు, ఇంకొకరికి చేనంతా వినబడేలా మాట్లాడే అలవాటు. ఆ ఇద్దరి స్నేహం మా చాలులో అందరికీ రేడియోలాంటిది.

మామ పంట పెట్టే తీరు చూస్తే నాకు మొదట్లో ఒళ్లు మండేది. వానలు వెనక్కి తగ్గి, దసరా పోయాక, నేల కాలికి అంటుకోకుండా ఉన్నప్పుడు రెండు బారల దూరానికి ఒక గుంట తీసి విత్తనం వేసేవాడు. ఆ తర్వాత నీళ్లన్నమాట లేదు. పక్కనే కాకా తొట్టి నిండా నీళ్లు, తొట్టికి కుళాయి, కుళాయికి పొడుగాటి రబ్బరు పైపు. అయినా చెంబెడు పోసేవాడు కాదు. సెలవు దొరికినప్పుడల్లా చిన్న పార పట్టుకుని గొంతుకూర్చుని తీగల మధ్య పైమట్టిని పిండిలా పొడి చేసేవాడు. పైన పొడి ఉంటే కింది తడి ఆవిరై పోదట. ఒక తీగకు రెండు కాయలే ఉంచి మిగతా పిందెలు తుంచేసేవాడు. ఆ తుంచిన పిందెలు నాతో పప్పులో వేయించేవాడు. “గిన్ని నీళ్లు పక్కనే ఉంటే గిట్ల ఎండవెట్టుడు ఏంది మామా?” అని ఒకసారి అడిగాను. ఆయన పార పక్కన పెట్టి, నా చేతిని పట్టి మట్టిలో మణికట్టుదాకా గుచ్చాడు. లోపల చల్లగా, తడిగా ఉంది. “నీళ్లు పోస్తే ఏరు పైపైన్నే ఉంటది బిడ్డా, సోమరిది. పోయకుంటే గీడిదాంక పోయి ఎతుక్కుంటది. తీపంత గా ఎతుకుట్లనే ఉంటది” అన్నాడు. నేను తలూపాను కానీ నమ్మలేదు. కాకా కూడా నమ్మేవాడు కాదు. ఆయన జీవితమంతా కాలువ నీళ్లతో చెరకు పండించిన మనిషి. రోజూ సాయంత్రం ఎండకు వాడిన ఆకులు చూసి “అరే కారీగర్, థోడుం పాణీ ఆప్ నే” అని వేళాకోళం చేసేవాడు. కాస్త నీళ్లు ఇవ్వవయ్యా అని. మామ “నువ్వు తాగు కాకా, దానికొద్దు” అనేవాడు. ఈ రెండు మాటలూ లేకుండా ఏ సాయంత్రమూ గడిచేది కాదు. నేను మనసులో కాకా పార్టీ.

శివరాత్రి దగ్గర పడేసరికి మొదటి కాయ తొడిమె దగ్గర తనంతట తానే విడివడింది. పెద్దది కాదు, రెండు దోసిళ్లలో ఇమిడేంత. మామ దాన్ని బియ్యపు డబ్బా మీద ఒక రాత్రి ఉంచాడు. తెల్లారేసరికి రెండు గదులూ, పక్కింటివాళ్ల మొదటి గదీ దాని వాసనతో నిండాయి. నూలు పొడి, డీజిలు, నాలా వాసన తప్ప ఇంకోటి ఎరగని ఆ గల్లీలో ఆ వాసన చుట్టం వచ్చినట్టుండేది. మామ దాన్ని కాకా అరుగు మీదే కోశాడు. నేను ఊరి అలవాటు కొద్దీ చక్కెర గిన్నె పట్టుకెళితే “దాన్ని అవమానం జేయకు బిడ్డా” అని గిన్నె వెనక్కి తోశాడు. మొదటి ముక్క కాకాకు. కాకా కళ్లు మూసుకుని తిన్నాడు, తొక్క పలచబడి అవతలి వెలుతురు కనిపించేదాకా తిన్నాడు. తర్వాత మూతి తుడుచుకుని, “బాగుంది. నీళ్లు పెడితే ఇంకా బాగుండేది” అన్నాడు. మామ పడీపడీ నవ్వాడు. నేను ఆ రోజు ఎన్ని ముక్కలు తిన్నానో నాకు తెలియదు. ఆ తీపి నాలుక మీద తెలిసేది కాదు, మింగాక గొంతులో తెలిసేది. కాలువ కింద పుట్టిన నేను అలాంటి కాయ అప్పటిదాకా తినలేదని ఒప్పుకోవాలి. అప్పుడు ఒప్పుకోలేదు.

మరుసటి ఏడు మాఘమాసంలో, కాయలు కోడిగుడ్డు దాటి కొబ్బరికాయంత అవుతున్న రోజుల్లో, ఊళ్లో మామ అక్కకు జబ్బు చేసిందని కబురొచ్చింది. మామ పన్నెండు రోజులకు సెలవు పెట్టి బయలుదేరాడు. వెళ్లేముందు నన్ను చేలోకి తీసుకెళ్లి చూపించాడు. “పగటీలి ఆకులు సోలిపోతయి. సూసి బుగులు పడకు. పొద్దుగూకంగనే వాటంతటవే లేస్తయి. నువ్వు ఏం జేయకు, అదే పని. నీళ్లు మాత్రం పోయకు బిడ్డా.” ఇంత స్పష్టంగా, ఆ గొంతుతో, నాకే కాదు చాలు మొత్తానికి చెప్పాడు.

అదే సమయానికి మా అన్న, వదినె శివరాత్రికి సూరత్ చూడడానికి వస్తామని ఉత్తరం రాశారు. నా కాపురం చూడడానికి మా వైపు నుంచి మొదటిసారి వస్తున్నారు. నేను రెండు గదులకూ సున్నం వేయించాను, కిటికీకి పరదా కుట్టాను. ఎంత చేసినా అవి రెండు గదులే. చూపించుకోదగ్గది ఏముందా అని వెతుకుతుంటే ఆ చేను కనబడింది. మెట్టోళ్లంటూ నవ్విన అన్నకు బిందెంత కాయలు చూపించాలనిపించింది. మామ కాయలు రుచికి ఎంత గొప్పవైనా చూడడానికి చిన్నవి, గరుకువి. మధ్యాహ్నం వెళ్లి చూస్తే ఆకులు తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. ఎవరైనా చూస్తే వీళ్లకు పంట పెట్టడం రాదనుకుంటారు అనిపించింది. మామ ఊరెళ్లిన మూడో రోజు పొద్దున, కాకా ఇంటివాళ్లు గుడికి పోయారనుకుని, తొట్టి కుళాయి తిప్పి ప్రతి తీగ మొదట్లో పైపు పెట్టాను. పావుగంట పట్టింది. ఆ మధ్యాహ్నం ఒక్క ఆకు వాలలేదు. నిజం చెప్పాలంటే నాకు పుట్టింటికి పోయినంత సంతోషమైంది. మామకు తెలియనిది నాకు తెలుసనుకున్నాను.

ఒకసారే అయితే కొత్త పిల్ల తెలివితక్కువతనం అనుకోవచ్చు. నాలుగు పొద్దులు పోశాను. పోసిన ప్రతిసారీ పక్క నుంచి పొడిమట్టి తెచ్చి తడి కనబడకుండా కప్పాను. తెలియక చేసేవాళ్లు మట్టి కప్పరు. ఇన్నేళ్లూ నేను నాకు చెప్పుకున్న సాకులన్నీ ఈ పొడిమట్టి దగ్గరికొచ్చి ఆగిపోతాయి.

కాయలు మూడు రోజుల్లో ఉబ్బాయి. చూస్తుంటే కళ్ల ముందే పెరుగుతున్నట్టుండేవి. నేను వేళ్లతో కొలుచుకుని మురిసిపోయాను. ఆ తర్వాత ఒక పొద్దున వెళ్లేసరికి రెండు కాయలు నిలువునా పగిలి ఉన్నాయి. మరునాడు ఏడు. చీమలు బారులు కట్టాయి, ఉడతలు వచ్చాయి, పులిసిన వాసన మా గుమ్మందాకా కొట్టింది. పగలని కాయలు కూడా వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయేవి. నేను చేలోకి వెళ్లడం మానేశాను. నా భర్త “నాయిన వచ్చినంక చూస్కుంటడు తియ్” అన్నాడు. ఆయనకు మగ్గం తప్ప ఏదీ పట్టేది కాదు.

మామ వచ్చి సంచి కూడా దించకుండా చేలోకి వెళ్లాడు. నేను వెనకాలే వెళ్లాను. ఆయన అరవలేదు. ఒక తీగ దగ్గర కూర్చుని మట్టిలో వేలు పెట్టి తీసి చూసుకున్నాడు. విత్తనానికని గుడ్డ పీలిక కట్టి ఉంచిన కాయ కూడా పగిలి కుళ్లింది. దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. పగలని కాయ ఒకటి కోసి, నోట్లో పెట్టుకుని ఉమ్మేశాడు. అప్పుడు నావైపు చూడకుండా, ఆయన ఎన్నడూ మాట్లాడనంత నెమ్మదిగా అడిగాడు. “నీళ్లు ఎవలు పోసిండ్రు బిడ్డా?”

“నాకు తెల్వదు మామా” అన్నాను.

ఆయన లేచి తొట్టి వైపు చూశాడు. రబ్బరు పైపు చేను గట్టు మీద చుట్ట చుట్టి ఉంది. చుట్టింది నేనే. “కాకా పైపు ఇటు ఎందుకొచ్చింది?” అన్నాడు. నేను చెప్పిన మాట అక్షరం అక్షరం నాకు గుర్తుంది. “ఏమో మామా, వారం పది రోజుల సంది ఈడ్నే ఉంటున్నది.” అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అంతకంటే పెద్ద అబద్ధం నేను జన్మలో ఆడలేదు.

మామ నేరుగా కాకా అరుగు మీదికి పోయాడు. కాకా సాసర్లో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు. మామ గొంతు మళ్లీ పెద్దదైంది. చాలంతా బయటికొచ్చింది. “రోజూ నీళ్లు, నీళ్లు అంటివి. నేను లేంది సూసి నీ మాట గెలిపించుకున్నవా? మా అమ్మ ఇచ్చిన ఇత్తనం అది!” కాకా సాసర్ కింద పెట్టాడు. జనం వెనక నిలబడ్డ నన్ను ఒక్కసారి చూశాడు. ఆ చూపుకు అప్పుడు నాకు అర్థం తెలియలేదు. “నేను నీళ్లు పెట్టలేదు, కారీగర్” అన్నాడు. ఒక్కసారే అన్నాడు. మామ నమ్మలేదు. నీ చేనూ నీ నేలా నాకొద్దని చెప్పి తిరిగి వచ్చేశాడు. కాకా వెనక నుంచి పిలవలేదు. నేను తలుపు చాటుకు వచ్చి, పొయ్యి మీద అన్నం మాడుతుంటే చూస్తూ నిలబడ్డాను.

శివరాత్రికి అన్నావదినెలు వచ్చారు. బజారు నుంచి తెచ్చిన ఖర్బూజా కోసి చక్కెర చల్లి పెట్టాను. “మస్తు పెద్దగున్నది” అని అన్న మెచ్చుకున్నాడు. మామ ముక్క ముట్టుకోలేదు.

ఆ తర్వాత మామ ఆ చేలో అడుగు పెట్టలేదు, ఇంకెక్కడా విత్తనం వేయలేదు. మూటలో మిగిలినవి మూటలోనే పాతబడి పురుగు పట్టాయి. సాయంత్రాలు ఆయన గుమ్మంలో ఒక్కడే కూర్చునేవాడు. అవతల అరుగు మీద కాకా ఒక్కడే కూర్చునేవాడు. మధ్యలో యాభై అడుగుల చేను, అందులో పిచ్చిమొక్కలు. గొంతులు పెద్దవైన ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడం మానేస్తే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మా గల్లీకి తెలిసింది. మగ్గాల చప్పుడు అంతకుముందు కూడా అంతే ఉండేది, కానీ అప్పటి నుంచే నాకు ఎక్కువగా వినబడడం మొదలుపెట్టింది. చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. మొదట భయమేసింది. తర్వాత నాకు కడుపొచ్చింది, ఇప్పుడెందుకనుకున్నాను. ఆ తర్వాత బాబు పుట్టాడు, ఇల్లు సంతోషంగా ఉన్నప్పుడెందుకనుకున్నాను. ఆ తర్వాత పాత సంగతి కదా అనుకున్నాను. సాకులకు మాత్రం ఏ ఏడూ కరువు రాలేదు. కొన్నేళ్లకు కాకా ఆ చెక్క కూడా అమ్మేశాడు. అక్కడ నాలుగంతస్తుల ఇళ్లు లేచాయి. నా భర్త ఇంకో ఇద్దరితో కలిసి చిన్న కార్ఖానా పెట్టుకున్నాక మేము నవాగామ్ వదిలి అడాజన్ వచ్చేశాం.

నీళ్లు పోసిన పదహారేళ్లకు, పాత చాలులో ఒకరింట్లో పెళ్లికని నేను ఒక్కదాన్నే నవాగామ్ వెళ్లాను. మామకు మోకాళ్ల నొప్పులు, రాలేదు. తిరిగి వస్తుంటే కాకా అరుగు మీద కనబడ్డాడు. బాగా వడిలిపోయాడు. ‘వహూ’ అని పిలిచాడు. ఇక్కడ కోడలిని అలా పిలుస్తారు. ఆయన ముందు కూర్చోగానే ఏడుపొచ్చింది. “కాకా, ఆ రోజు నీళ్లు పెట్టింది నేనే” అన్నాను. ఎంత పెద్ద బరువు దించాననుకున్నానో, ఆయన అంత మామూలుగా తలూపాడు. “తెలుసు. డాబా మీద నిలబడి పళ్లు తోముకుంటూ చూశాను. నాలుగు రోజులూ చూశాను. మట్టి కప్పడం కూడా బాగానే కప్పావు” అన్నాడు. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నువ్వు కొత్త కోడలివి. నీ పక్షాన ఒక మాట అనడానికి ఇంట్లో అత్తగారైనా లేదు. కారీగర్ కోపం ఆ రోజు ఎవరి మీదో ఒకరి మీద పడాలి. నా మీద పడితే నేను నా ఇంట్లోకి పోతాను. నీ మీద పడితే నువ్వెక్కడికి పోతావు, వహూ?” అన్నాడు. నవ్వాడు. “నెల రోజుల్లో చల్లబడి తనే వస్తాడనుకున్నాను. మొండివాడు. నేను అతనికంటే మొండివాణ్ణి. పిలవడం ఎందుకని కూర్చున్నాను. ఇప్పుడైనా చెప్పు. ఒకసారి వచ్చి చాయ్ తాగి పొమ్మను.”

“చెప్తాను కాకా” అని మాటిచ్చాను. బస్సులో వస్తూ మామకు ఎలా చెప్పాలో వాక్యం వాక్యం కూర్చుకున్నాను. ఇంటికొచ్చేసరికి మామ మనవడి పక్కన కూర్చుని టీవీ చూస్తున్నాడు. “పెండ్లి మంచిగైందా?” అన్నాడు. “మంచిగైంది మామా” అన్నాను. “కాకా కనవడ్డడా?” అని ఆయనే అడిగాడు. పదహారేళ్లలో ఆ పేరు ఆయన నోట రావడం అదే మొదలు. తలుపు ఆయనే తెరిచి పెట్టాడు, నేను లోపలికి అడుగు పెడితే చాలు. “కనవడ్డడు, మంచిగనే ఉన్నడు” అని వంటగదిలోకి పోయాను. ఆ రాత్రి చెప్పలేదు. ఆ నెలా చెప్పలేదు. మామకు బీపీ ఎక్కువైందని డాక్టరు అన్నాడు, అది ఇంకో సాకు. అలా రెండేళ్లు గడిపాను.

రెండేళ్లకు పాత చాలువాళ్లలో ఒకరు ఫోన్ చేశారు, కాకా పోయాడని. మామకు చెబితే “పోయిండా?” అన్నాడు. కాసేపటికి మళ్లీ “పోయిండా?” అన్నాడు. మాటల్లేని ఇంటికి ఏం పోతామని మట్టికి వెళ్లలేదు. అన్నం కూడా సరిగ్గా తినలేదు. పన్నెండో రోజున, ఆయన బాల్కనీలో కుర్చీలో ఉంటే, కింద నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. నీళ్లు, పొడిమట్టి, పైపు, డాబా మీది నుంచి కాకా చూడడం, చాయ్‌కి పిలవడం, రెండేళ్లుగా నేను దాచడం. చెవుడు కదా, సగం మాటలు రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. చేసిన తప్పును గట్టిగా, రెండేసిసార్లు చెప్పుకోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“నీళ్లు పోసినవంటే పోసినవ్ బిడ్డా. ఎరుకలేక పోసినవ్. రెండేండ్ల కింద ఈ మాట చెప్పినా పోయి ఆయన కాళ్లు పట్టుకుందును గదా” అన్నాడు. “ఇప్పుడు నేను ఎవ్వల కాళ్లు పట్టుకోవాలె?”



మరునాడు పొద్దున ఆయనే చొక్కా వేసుకుని కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఆటోలో నవాగామ్ వెళ్లాం. గల్లీ గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. ఈ రెండేళ్లలో చాలు కూల్చేశారు, మనుషులు మారారు. కాకా కొడుకు, ముప్పై దాటిన మనిషి, మమ్మల్ని గుర్తుపట్టి కూర్చోబెట్టాడు. మామ కూర్చోలేదు. అరుగు అంచున నిలబడి, కార్ఖానాలో మగ్గాల మధ్య మాట్లాడే ఆ పాత గొంతుతో, గల్లీ అంతటికీ వినబడేలా హిందీలో చెప్పాడు. “కాకా నీళ్లు పెట్టలేదు. ఆయన అబద్ధమాడలేదు. తప్పు నాది.” స్కూటరు మీద పోతున్న ఒకతను ఆగి చూసి వెళ్లిపోయాడు. ఎదురింటి కిటికీలోంచి ఒకావిడ ఎవరీ ముసలాయన అన్నట్టు చూసింది. మామ నా పేరెత్తలేదు. కాకాలాగే ఆయన కూడా నన్ను దాచాడు. అది భరించలేక నేను ముందుకొచ్చి, “ఆ రోజు మీ చేలో మా టేటికి నీళ్లు పెట్టింది నేను. మా మామ మీ నాన్నను అన్యాయంగా అనడానికి కారణం నేనే” అన్నాను.

కాకా కొడుకు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఎంతో మర్యాదగా, నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తూ, “ఏ టేటి, ఆంటీ?” అన్నాడు. తర్వాత లోపలికి కేకేసి మాకు చాయ్ తెప్పించాడు.

మామ ఆ తర్వాత అయిదేళ్లు బతికాడు. నన్ను ఎప్పటిలాగే బిడ్డా అని పిలిచాడు. ఉప్పు ఎక్కువైతే ఎప్పటిలాగే రహస్యంగా అరిచాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆయన క్షమించాడో, మరిచిపోయాడో, ఇంటి కోడలితో ఇంకేం చేయగలమని ఊరుకున్నాడో నేను అడగలేదు. అడిగే హక్కు నాకుందనిపించలేదు. నాలుగు పొద్దులు చేసిన పనిని నోరు తెరిచి చెప్పడానికి నాకు పద్దెనిమిదేళ్లు పట్టింది, ఆ పద్దెనిమిదేళ్లలో చివరి పన్నెండు రోజులు తప్ప ఏ రోజైనా సరిపోయేదే.